పన్నెండో లైను

మార్చి 4, మంగళవారం

అయిపోయింది. మొత్తం పదకొండు లైన్లు. పదకొండు లైన్లకి పంతొమ్మిది రోజులు పట్టిందంటే అన్నయ్య నవ్వుతాడు. నవ్వనీ. పొద్దున్నించి మెమరీ మింగుతూ మింగుతూ మధ్యాహ్నం మూడయ్యేసరికి మెషీన్‌ని మూలన పడేసే ప్రోగ్రాం, ఇవాళ సాయంత్రం దాకా నడిచింది. పొద్దున ఎంత మెమరీ పట్టిందో సాయంత్రం కూడా అంతే.

ఐదూ నలభైకి బిల్డ్ చేసి, ఆఫీసులో నా పైన ఉన్న వదినకి పంపాను. "చూశాను మేడం, చాలాసార్లు నడిపాను," అన్నాను. గేటు దాటి స్కూటర్ ఎక్కితే మేడం, సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విప్పితే వదిన. ఐదు నెలలుగా ఇదే నాటకం. రూలు ఆవిడ పెట్టిందే. "నా ఆడపడుచువని తెలిస్తే నువ్వేం చేసినా నేను చేసిపెట్టాననుకుంటారు పిట్టా. నీ పేరు నువ్వు తెచ్చుకో."

28న నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచుతారో పంపుతారో మా ఆఫీసు పెద్దాయన ఆ రోజే చెప్తారు. ఈ పదకొండు లైన్లే నా పరీక్ష అని ఆయన నోటితోనే అన్నారు.


మార్చి 5, బుధవారం

పొద్దున్న టీ దగ్గర అన్నయ్య అడిగాడు: "అసలు నువ్వూ మీ వదినా పొద్దస్తమానం ఏం చేస్తారే అక్కడ?"

పెళ్ళయి మూడేళ్ళయింది, ఇన్నాళ్ళకి అడిగాడు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి కదా. వంతెనలకి సెన్సార్లు బిగిస్తామనీ, అవి ఎలా వణుకుతున్నాయో లక్షలకొద్దీ అంకెలు వస్తాయనీ, వాటిని వరసగా పేర్చి లెక్కకడితే వంతెన ఒళ్ళు ఎలా ఉందో తెలుస్తుందనీ చెప్పాను. పైన రాసేది పైథాన్, సుకుమారం. మోత పనంతా కింద సి భాషలో.

"ఆ సి లో అంకెలకి జాగా మనమే తీసుకోవాలి. హాస్టల్ గది అనుకో. ఎంతమంది వాడుతున్నారో తలుపు మీద లెక్క ఉంటుంది. వచ్చినవాళ్ళు ఒకటి కలుపుతారు, పోయేవాళ్ళు ఒకటి తీసేస్తారు. సున్నా అయితే గది ఇంకొకరికి."

"పోతూ పోతూ తీసేయడం మర్చిపోతే?"

"గది ఎప్పటికీ ఖాళీ కాదు. మాకు ఇన్నాళ్ళూ ఉన్న రోగం అదే."

"ఒకడే రెండుసార్లు తీసేస్తే?"

"లోపల మనిషుండగానే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"అబ్బో. అప్పుడు కొట్టుకుచస్తారు."

"ఒక్కోసారి కొట్టుకోరు కూడా. అదే భయం."

వదిన వంటింట్లోంచి, "తీసుకున్నది తిరిగిచ్చెయ్యాలి, అంతే. దానికింత పురాణమా?" అంది. చేతిలో పక్కింటివాళ్ళ గిన్నె, తళతళలాడేలా తోమి. వదినకి ఈ జబ్బుంది. ఎవరి గొడుగు వాళ్ళకి, ఎవరి పెన్ను వాళ్ళకి. ఓసారి ఎవరో పెళ్ళిలో ఇచ్చిన పిన్నీసు ఏడాది దాచి తిరిగిచ్చింది. నాకు సి నేర్పినప్పుడు మొదటి పాఠం కూడా అదే: పట్టుకున్న ప్రతిదాన్నీ వదలాలి, వదిలే లైను ముందే రాసుకుని తర్వాత మిగతాది రాయి.


మార్చి 6, గురువారం

వదిన నా పని అందరి కోడ్‌లో కలిపేసింది. ఏ మార్పు ఎవరిదో రాసి ఉండే లాగ్‌లో నా పేరు. "మీ పేరు కూడా ఉండాల్సింది మేడం," అన్నాను. "నీ పని, నీ పేరే ఉండాలి," అంది.

ఇంటికొస్తుంటే ఎర్ర హెల్మెట్ లోపల ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. చేరిన వారంలో నాకోసం వదిన కొన్న హెల్మెట్. స్కూటర్ కొక్కేనికి ఆవిడ నల్లదీ నా ఎర్రదీ పక్కపక్కనే వేలాడతాయి.


మార్చి 7, శుక్రవారం

పడిపోయింది. వంతెనల శాఖ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషుల ముందు, పెద్ద తెర మీద.

పాత వంతెన డేటా. గ్రాఫు సగం గీసింది, ఆగింది, మాయమైంది. నల్ల తెర మీద "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అన్న రెండు ముక్కలు, తనది కాని జాగాని ముట్టుకుని చచ్చిందని. మళ్ళీ నడిపారు. మళ్ళీ.

పెద్దాయన అరవలేదు. అరిస్తే బాగుండేది. లాగ్ తెరవమన్నారు. చివరి మార్పు, కింద నా పేరు. అందరూ తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ మర్యాదగా తెర వైపు తిరిగారు.

వదిన అంది: "నా మెషీన్‌లో బాగానే నడుస్తోందే."

ఎంత ధైర్యం వచ్చిందో ఆ మాటకి. నా పక్షాన మాట్లాడింది ఆవిడొక్కతే.


మార్చి 10, సోమవారం

సెన్సార్లు బిగించే ఆయన్ని అందరం బోల్టు బాబాయ్ అంటాం. యాభై దాటినా ఇంకా తాడు కట్టుకుని వంతెన కింద వేలాడతాడు. ఇవాళ నా బల్ల దగ్గరకొచ్చి హార్డ్‌డిస్క్ పెట్టాడు.

"ఇదిగోనమ్మా, గబ్బిలాల మధ్య తలకిందులుగా వేలాడి తెచ్చిన సరుకు. మీరేమో చల్లగా కుర్చీలో కూర్చుని దాన్ని చంపేస్తున్నారట."

"చంపట్లేదు బాబాయ్, అదే చచ్చిపోతోంది."

"నా బోల్టు ఊడితే అదే ఊడిందంటే ఒప్పుకుంటారా తల్లీ?"

నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.


మార్చి 11

పన్నెండుసార్లు నడిపాను. నాలుగుసార్లు పడింది. ఒక్కోసారి ఒక్కో చోట.


మార్చి 13, గురువారం

చిన్న డేటా ఇస్తే పడదు. పెద్దది ఇస్తే పడుతుంది, అదీ దాని ఇష్టం వచ్చినప్పుడు. తప్పులు వెతికే డీబగ్గర్ చూపించే చోటు చూస్తే అక్కడ ఏ తప్పూ లేదు. పడేది ఒక చోట, తోసింది ఇంకెక్కడో.

మెమరీ చెకర్ కింద పెట్టి నడుపుతానన్నాను. ప్రతి జాగా ఎవరు తీసుకున్నారో, ఎవరు ఖాళీ చేశారో రాసిపెడుతుంది. కాకపోతే నలభై రెట్లు నిదానం.

వదిన ఒప్పుకోలేదు. "రెండు రోజులు తినేస్తుంది. ఫైల్ చదివే కోడ్ చూడు, తప్పు అక్కడే ఉంటుంది. ఫిల్టర్ వైపు వెళ్ళకు, అది బాగానే ఉంది."

ఫిల్టర్ అంటే నా పదకొండు లైన్లున్న చోటు. నా మీద ఆవిడకి ఎంత నమ్మకం.


మార్చి 14, శుక్రవారం

ఫైల్ చదివే కోడ్ మొత్తం చదివాను. రెండు వేల లైన్లు. ఒక అక్షరం కూడా తప్పు లేదు.

లాగ్‌లో నా మార్పు పక్కన పన్నెండు లైన్లు కలిపినట్టుంది. నేను పదకొండని ఎందుకనుకున్నానో. ఖాళీ లైను లెక్కేసుకుని ఉంటుంది.

పెద్దాయన పిలిచి రెండు మాటలే మాట్లాడారు. "ఇరవై నాలుగున మీటింగు. ఆలోపు తేలాలమ్మా." ఇరవై ఎనిమిది మాట ఎత్తలేదు.


మార్చి 16, ఆదివారం

ఇంట్లో బట్టలు మడతపెడుతూ అడిగాను. "వదినా, నీ మెషీన్‌లో ఒక్కసారి కూడా పడలేదా?"

"పడలేదు."

"ఎందుకంటావ్?"

"కొన్ని మెషీన్లు అంతే," అంది. నా చొక్కా నాకిచ్చి, అన్నయ్య చొక్కాకి బొత్తాం ఊడిందని సూదీ దారం కోసం లేచివెళ్ళింది.

కొన్ని మెషీన్లు అంతే. ఇది వదిన మాటేనా? కాలేజీ రోజుల నుంచి నాకు పాఠం చెప్పిన మనిషి, "కంప్యూటర్‌కి మూడ్స్ ఉండవు, నీకుంటాయి" అని వెక్కిరించిన మనిషి. అలసిపోయినట్టుంది. నావల్ల ఆవిడకీ ఆఫీసులో తలవంపులు. నేను వదిలేద్దామని చూస్తున్నా ఇదే మాట చెవిలో తిరుగుతోంది.


మార్చి 17, సోమవారం

ఇవాళ పడలేదు. పడకపోవడమే భయం వేసింది.

పాత వంతెనకి లెక్క వచ్చింది. నిటారుగా, ఆరోగ్యంగా, పెళ్ళికొడుకులా ఉంది గ్రాఫు. బోల్టు బాబాయ్ నా భుజం మీదుగా చూసి, "ఇది ఆ ముసల్ది కాదు," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"దాని నడుం మీద నేను కూర్చుని వచ్చాను తల్లీ. లారీ వెళ్తే నా టీ ఒలికింది. ఇంత కుదురుగా ఉండదది."

పక్కన కొత్త వంతెన గ్రాఫు పెట్టి చూశాను. చుక్క చుక్కా అదే. పొద్దున నడిపిన కొత్త వంతెన అంకెలు పాత వంతెన గదిలో కూర్చుని ఉన్నాయి, పేరు కూడా మార్చుకోకుండా. అంటే లోపల మనిషుండగానే గది ఎవరికో ఇచ్చేస్తున్నారు. ఎవరో రెండుసార్లు వదిలేస్తున్నారు.

పడిపోతే కనీసం పడిందని తెలుస్తుంది. ఇలా నవ్వుతూ నిలబడితే ఆ పెద్దమనుషులు సంతకం పెట్టి తీసుకుపోతారు. దాని మీద లారీలు పోతూనే ఉంటాయి.

వదినకి చెప్పాను. ముఖం పాలిపోయింది. "రిపోర్టు ఏదీ పంపకు. నా మెషీన్‌లో నడిపినవే పంపుదాం," అంది.


మార్చి 18

అడక్కుండానే మెమరీ చెకర్ పెట్టేశాను.


మార్చి 20, గురువారం

దొరికింది.

ఫిల్టర్‌లోనే. నా లైన్లలోనే.

అంకెలున్న జాగాకి ఒక కాపలా వస్తువు కట్టి, దాన్ని అర్రేకి, అంటే ఆ అంకెల వరసకి, అప్పగించాలి. ఇకనుంచి నువ్వు పోయినప్పుడు ఇది కూడా పోతుంది అని. ఆ అప్పగింత ఒక వింత. మామూలుగా ఏది పట్టుకున్నా మనమే వదలాలి. ఇక్కడ మాత్రం అప్పగించిన క్షణం నుంచి వదిలే పని అర్రేది, మనది కాదు. మనం కూడా వదిలితే రెండుసార్లు వదిలినట్టు. అప్పగింత లైను కిందే, అచ్చంగా, ముద్దుగా, వదిలే లైను ఉంది. మిగతా వదిలే లైన్ల మధ్య కలిసిపోయి ఉంది. ఇరవైసార్లు చదివాను, ఇరవైసార్లూ కన్ను దాని మీదుగా జారిపోయింది. ఎందుకు జారదు? పట్టుకుంటే వదలాలని నేర్చుకున్న కన్ను కదా.

ఆ లైను తీసేశాను. యాభైసార్లు నడిపాను. యాభైసార్లూ నిలబడింది. పాత వంతెన గ్రాఫు ముసలిదానిలా వణుకుతూ వచ్చింది.

నేనే రాశాను. నేను. వారం రోజులు ఫైల్ చదివే కోడ్‌ని అనుమానించి, చివరికి నా చేతిరాతే.


అదే రోజు, సాయంత్రం

ఈ డైరీ వెనక్కి తిప్పాను. మార్చి 4. "మొత్తం పదకొండు లైన్లు."

నేను ఖాళీ లైన్లు లెక్కపెట్టను. ఎప్పుడూ లెక్కపెట్టలేదు.


మార్చి 21, శుక్రవారం

వదిన పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. రిపోర్టు ఆవిడ మెషీన్‌లోంచి ప్రింటు తీయమన్నారు పెద్దాయన, అక్కడ పడదు కాబట్టి.

అందరి దగ్గరా ఫిల్టర్ ఫైలు తేదీ మార్చి 6.

వదిన దగ్గర మార్చి 4. ఐదూ నలభై.

నాది. నేను పంపింది. పదకొండు లైన్లది.


మార్చి 22

ఏమీ లేదు.


మార్చి 23, ఆదివారం

అన్నయ్య షాపుకెళ్ళాడు. వంటింటి గట్టు మీద పక్కింటి గిన్నె మళ్ళీ ఉంది. వదిన దాన్ని తుడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"వదినా, పన్నెండో లైను నీదేగా."

తుడవడం ఆపలేదు. "మంచికే పెట్టాను పిట్టా," అంది. "అప్పగించావు, వదల్లేదు. మర్చిపోయావనుకున్నా. నీకు మాట రాకూడదనే నేనే కలిపి, నీ పేరు మీదే ఉంచా."

"తప్పని ఎప్పుడు తెలిసింది?"

"కలిపిన రోజే. నా దగ్గర రెండుసార్లు పడింది. నీ ఫైలు మళ్ళీ పెట్టుకుని నడిపితే నిలబడింది. మర్నాడు పొద్దున్నే సరిచేద్దామనుకున్నా. ఆ మర్నాడే వాళ్ళొచ్చారు. తెర మీద నీ పేరు వచ్చేసింది."

"వస్తే? నోరు తెరవొచ్చుగా?"

"తెరిస్తే ఏమంటారు? పదేళ్ళ నుంచి చేస్తున్నావ్, అప్పగింతంటే ఏమిటో తెలియదా అంటారు. నువ్వు కొత్త. కొత్తవాళ్ళని తిట్టి వదిలేస్తారు. నన్ను వదలరు."

"నన్ను 28న పంపించేస్తారు వదినా. తిట్టి వదిలెయ్యరు."

అప్పుడు గిన్నె పక్కన పెట్టింది. "పంపరు. నేనున్నాగా."

పదమూడో తారీఖు ఫిల్టర్ వైపు వెళ్ళకన్నది గుర్తొచ్చింది. నమ్మకం అని రాసుకున్నాను ఇక్కడే, ఈ కాగితం మీదే. రెండు వేల లైన్లు చదివించింది నాచేత, అందులో ఏమీ లేదని తెలిసే. నేను బాత్రూంలో ముఖం కడుక్కుంటుంటే పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

అడిగాను. "అది మాత్రం ఎందుకు చేశావ్?"

కళ్ళు తుడుచుకుని, "రేపు మీటింగులో నేనే చెప్తా. ఒట్టు," అంది.

నమ్మాను. రాసిపెట్టుకుంటున్నాను, నమ్మాను. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి కూడా వేశాను.


మార్చి 24, సోమవారం

పెద్దాయన గదిలో నలుగురం. ఆయన, వదిన, బోల్టు బాబాయ్, నేను. తప్పు ఏమిటో బోర్డు మీద గీసి చెప్పాను, గది, తలుపు మీది లెక్క, రెండుసార్లు వదలడం. ఎవరు రాశారో చెప్పలేదు. వదిన వైపు చూసి కూర్చున్నాను.

పెద్దాయన అడిగారు: "మరి ఆ లైను అక్కడికెలా వచ్చింది?"

వదిన గొంతు సవరించుకుంది. నా గుండె తేలికపడింది కూడా.

"సార్, ఇన్నాళ్ళూ మీకో మాట చెప్పలేదు. ఈ అమ్మాయి మా ఆడపడుచు."

బోల్టు బాబాయ్ కుర్చీలో ముందుకి వంగాడు.

"చిన్నపిల్ల. తొందరపడింది. తప్పు దొరికాక ఎంత నిజాయితీగా బోర్డు మీద పెట్టిందో చూశారుగా. నా మొహం చూసి ఈ ఒక్కసారికి వదిలేయండి సార్. ఇకనుంచి తన ప్రతి లైనూ నేనే చూస్తా."

చిన్నపిల్ల. మా ఆడపడుచు. ఐదు నెలలు దాచిన చుట్టరికాన్ని ఇందుకా బయటికి తీసింది? నేను చెయ్యని తప్పుకి నా తరఫున క్షమాపణ అడిగింది. పైగా ఎంత ప్రేమగా అడిగింది! పెద్దాయన కళ్ళలో ఆవిడంటే గౌరవం పెరగడం నా కళ్ళారా చూశాను. ఒట్టు వేసిన చేత్తోనే నా వీపు నిమిరింది.

లేవలేదు, ఏడవలేదు. ఒకటే అడిగాను.

"మేడం, మీ మెషీన్‌లో ఎందుకు పడలేదు?"

వదిన చెయ్యి వీపు మీదే ఆగిపోయింది.

"మీ దగ్గరున్న ఫైలు తేదీ మార్చి నాలుగు. నేను పంపింది. అందరి దగ్గరా ఉన్నది ఆరో తారీఖుది, మీరు కలిపింది. నా దాంట్లో ఆ లైను లేదు. రెండూ తెచ్చి పక్కపక్కన పెడదామా?"

ఎవరో కారిడార్‌లో నవ్వుతూ వెళ్ళారు.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నాకు మీ సి రాదు. కాంక్రీటు వచ్చు. పగులు ఎవడు పెట్టాడన్నది నేను తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, పగులుందని ఎవరికి తెలుసు, ఎప్పట్నుంచి?"

"ఆరో తారీఖు నుంచి సార్," అంది వదిన. "నాకు."

నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం మెల్లిగా తీసేసింది.


మార్చి 25

అన్నయ్య: "ఇంట్లో మాట ఇంట్లో తేల్చుకోవచ్చుగా."

నేను: "ఇంట్లోనే తేల్చాను. ఆఫీసుకెళ్ళేసరికి మారిపోయింది."

అన్నయ్య: "ఇద్దరి మధ్యా నేనేం చెయ్యనే?"

నేను: "ఊరందరికీ కళ్ళద్దాలు చేస్తావ్. నువ్వూ ఒక జత పెట్టుకో."

అనకుండా ఉండాల్సింది. అన్నాను.


మార్చి 26

పన్నెండో లైను తీసేసి కలిపాను. మార్పు కింద ఎందుకో రాయాలి. "అప్పగించినదాన్ని మళ్ళీ వదలకూడదు" అని రాశాను. ఇంకేం రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు.


మార్చి 28, శుక్రవారం

ఉంచుకుంటున్నట్టు కాగితం ఇచ్చారు. నా పేరు, కింద పెద్దాయన సంతకం. ఇకమీదట కోడ్ కలిపే పని నాది. వదిన నెలపాటు సెలవు పెట్టుకుందట, లేక పెట్టించారట. బోల్టు బాబాయ్ నా చేతికి పాత బోల్టు ఒకటి ఇచ్చి, "పన్నెండేళ్ళు వంతెన కింద ఉంది, ఊడలేదు. బల్ల మీద పెట్టుకో," అన్నాడు.

కాగితం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఎవరికి చూపించాలో ఇన్నాళ్ళూ తెలిసేది.


మార్చి 31, సోమవారం

పొద్దున నా గది తలుపు తీస్తే గుమ్మం ముందు ఎర్ర హెల్మెట్ ఉంది.

గీతలు పోయేలా తుడిచి ఉంది. లోపలి గుడ్డ ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ తొడిగింది. పట్టీ మడిచి రబ్బరు బ్యాండు వేసింది. పక్కింటివాళ్ళ గిన్నె కూడా ఇంత శుభ్రంగా ఎప్పుడూ వెళ్ళలేదు.

వంటింట్లో కుళాయి కింద గిన్నెల చప్పుడు. "వదినా," అన్నాను. కుళాయి ఆగింది. నేను హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాను. కుళాయి మళ్ళీ మొదలైంది.

బస్సులో వెళ్ళాను. నిలబడ్డాను. కూర్చుని ఒళ్ళో పెట్టుకుందామంటే సీటు లేదు, హెల్మెట్ ఆఫీసు దాకా చేత్తోనే పట్టుకుని ఉన్నాను.